మైదానంలో తొలి వంద

లెక్కలమ్మ నోటికి మైదానంలో భయపడనివాళ్లు లేరు. స్కోరరు గది కిటికీకి ఎవడైనా ఒక్క క్షణం అడ్డం నిలబడితే చాలు, "ఏం నాయనా, నువ్వేమైనా గాజుతో చేసిన మనిషివా? నీలోంచి చూడమంటావా ఆట?" అని కడిగిపారేసేది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగిన అమ్మలక్కలకు, ఓవరుకీ ఓవరుకీ మధ్య తీరిక దొరకలేదని చెప్పేది. పంతొమ్మిదో ఏట స్కోరు రాసే ఆ బల్ల ముందు కూర్చుంది. నలభై ఏళ్లయింది. ఆమె పుస్తకంలో ఒక్క పరుగు తేడా ఉందని ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆమె సంపాదించుకున్నదల్లా ఆ పేరే.

మైదానానికి నూరేళ్లు నిండుతున్నాయి. ఇటుకల కోసం మట్టి తవ్వి వదిలేసిన గోతులను రైల్వే కూలీలు ఆదివారాలు పూడ్చి ఆడుకున్న చోటది. తర్వాత చెక్క పెవిలియన్ వచ్చింది, అది కాలిపోయింది, మళ్లీ కట్టారు. ఇదంతా పుస్తకంగా రాయడానికి రిటైరైన బడి మాస్టారొకాయన పూనుకున్నాడు. అచ్చుకి వెళ్లే ముందు తేదీలు సరిచూడమని కాగితాలు తెచ్చి లెక్కలమ్మకిచ్చాడు. కోరి తలనొప్పి తెచ్చుకున్నాడు పాపం.

"వరదొచ్చింది ఆగస్టులో అని ఎవడు చెప్పాడు మీకు? జూలై! పిచ్ రోలరు మునిగిపోయి పిడి ఒక్కటే పైకి కనబడుతుంటే ఈ కిటికీలోంచి నేను చూశాను. మీరు చూశారా?"

ఆమే కొట్టేసి జూలై అని రాసింది. పదిహేను పేజీల్లో ముప్పై తప్పులు పట్టింది. నలభై రెండో పేజీకి వచ్చేసరికి మాత్రం ఆమె పెన్ను ఆగిపోయింది.

అక్కడున్నది ఆమె అన్న సంగతి. మైదానంలో వంద కొట్టిన తొలి ఊరివాడు ఆయనే. ఆనాటి కెప్టెను, ఇప్పుడు క్లబ్బు అధ్యక్షుడు. వచ్చే వారం కొత్త స్టాండుకి ఆయన పేరు పెడుతున్నారు. మాస్టారితో మాట్లాడుతూ ఆయన సరదాగా ఓ కథ చెప్పాడు, ఈయన పొల్లుపోకుండా రాసుకున్నాడు: "ఆ రోజు స్కోరు రాస్తున్న చెల్లెలు ఒక పరుగు లెక్క తప్పింది. తొంభై తొమ్మిది దగ్గరే ఆపేసింది. కెప్టెను స్వయంగా వెళ్లి దిద్దించవలసి వచ్చింది."

లెక్కలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పచ్చి అబద్ధం! నలుగురు నవ్వితే చాలు, చెల్లెల్ని తీసి బజార్లో పెట్టడం అన్నకి చిన్నప్పటి నుంచీ అలవాటే. పెళ్లిళ్లలో, మీటింగుల్లో, ఆఖరికి అమ్మ మంచం పక్కన కూడా అంతే. అవన్నీ గాల్లో పోయే మాటలని ఊరుకుంది. ఇది అచ్చులో పడుతుంది. ఇక నూరేళ్లు చదువుతారు.

అబద్ధమని నిరూపించడం ఆమెకు చిటికెలో పని. కానీ ఆనాటి పుస్తకం తెరవాలి. తెరిస్తే ఆమె చేసిన పని బయటపడుతుంది.

ఆ రోజు అన్న తొంభై తొమ్మిది మీదున్నాడు. బంతి ప్యాడ్‌కి తగిలి పక్కకి పోతే ఒక పరుగు తీశారు. అంపైరు మోకాలెత్తి చేత్తో తట్టి చూపించాడు. అంటే లెగ్ బై, ఆ పరుగు జట్టుది, బ్యాట్స్‌మన్‌ది కాదు. అవతలి జట్టు స్కోరరు టీకి వెళ్లాడు, వచ్చి ఈమె రాసిందే ఎక్కించుకుంటాడు. లెక్కలమ్మ అప్పటికింకా చిన్నపిల్ల, అన్నంటే ప్రాణం. పరుగు తెచ్చి అన్న ఖాతాలో వేసింది. బోర్డు మీద వంద పడింది. జనం లేచి గోల చేశారు. ఆ కంగారులో బౌలరు గడిలో మాత్రం చెయ్యి అలవాటుగా అసలు గుర్తే పెట్టేసింది. ఆ రెండు గడులనూ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక ఇన్నేళ్లలో ఎవరికీ కలగలేదు.

తెల్లారగానే ఆ పాత పుస్తకాన్ని చంకన పెట్టుకుని కమిటీ గదికి వెళ్లింది. అన్న, మాస్టారు టీ తాగుతున్నారు.

"లెక్క తప్పానా నేను?" గుమ్మంలోనే అడిగింది.

"వచ్చావా తల్లీ! సరదాకన్న మాటకి ఇంత రాద్ధాంతమా? ఒక్క పరుగేగా!"

"ఆ ఒక్క పరుగు సంగతే చెబుతా, చూడు." పుస్తకం బల్ల మీద దబ్బున పడేసి రెండు గడుల మీదా వేళ్లు పెట్టింది. "నీ గడిలో ఒకటి. బౌలరు గడిలో లెగ్ బై. నీది తొంభై తొమ్మిదే అన్నయ్యా. వందోది నేను వేశాను. కావాలనే వేశాను. నేను మోసం చేశాను గానీ లెక్క తప్పలేదు. అది కొట్టేయించు ముందు!"

మాస్టారు కప్పు కింద పెట్టాడు. అన్న కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు ఆ గడులనే చూశాడు. అరుస్తాడనుకుంది. తిరిగి అరవడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

"ప్యాడ్‌కి తగిలిందని నాకూ అనిపించింది," అన్నాడాయన. "బోర్డు చూశాక బ్యాటుకే తగిలిందేమో అనుకున్నా. నువ్వు రాస్తే తప్పుండదని."

"ఏదో చిన్నతనం. నీ మీద ప్రేమ కొద్దీ..."

"ఏడ్చినట్టుంది నీ ప్రేమ!" ఆయన కళ్లజోడు లాగేశాడు. "ఇంకా గంట ఆట ఉంది. బౌలర్లు కాళ్లీడుస్తున్నారు. తొంభై తొమ్మిదని చూపిస్తే ఆ ఒక్కటీ నేను తీయలేనా? వందయిపోయిందనే గదా, ఆ తర్వాతి బంతికి కళ్లు మూసుకుని గాల్లోకి లేపి అవుటయ్యాను! నువ్వు నాకిచ్చిందేం లేదే. నేను కొట్టుకోవలసిన వందని కొట్టనివ్వలేదు నువ్వు."

లెక్కలమ్మ వేలు పక్క గడి మీదికి జరిగింది. అక్కడ అవుట్ గుర్తు ఉంది. ఆ మోసాన్ని ఆమె ఎన్ని వేలసార్లు తలుచుకుందో! అంపైరు గుర్తొచ్చాడు, అవతలి స్కోరరు గుర్తొచ్చాడు, ఆ తర్వాతి బంతి మాత్రం ఏనాడూ గుర్తుకు రాలేదు.

అన్న కర్ర అందుకుని, ఆమె వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. స్టాండుకి పేరు మాట మాస్టారు ఎత్తబోతే, దిగుతూనే చేత్తో వద్దన్నాడు.

ఆమె అక్కడే కూర్చుని, అచ్చు కాగితంలో వంద ఉన్న చోటల్లా ఎర్ర సిరాతో కొట్టేసి తొంభై తొమ్మిది చేసింది. మాస్టారు మెల్లగా అడిగాడు.

"చెల్లెలు లెక్క తప్పిందన్న వాక్యం తీసేయమంటారా అమ్మా?"

"ఉండనివ్వండి," అంది. "తప్పాను కదా."