గొంతు తగ్గించే మేడమ్

గుంటూరు మెడికల్ కాలేజీలో మాకు మైక్రోబయాలజీ చెప్పిన మేడమ్ కోపమొస్తే గొంతు తగ్గించేవారు.

ఒకసారి వార్డులో విరేచనాలు తగ్గని పొన్నూరు పాపను చూశారు. జలుబు చేసినప్పుడల్లా ఆ వార్డు పెద్ద డాక్టరే యాంటీబయాటిక్ రాశాడని తల్లి చెప్పింది.

మేడమ్ అక్కడే ఉన్న ఆయన్ని అందరి ముందే నెమ్మదిగా అడిగారు. “పేగులోని మంచి బ్యాక్టీరియా డీఎన్ఏని పసిగట్టే, ఒంట్లోని రక్షణ కణాలు ఎప్పుడు పోరాడాలో ఎప్పుడు ఊరుకోవాలో తేల్చుకుంటాయని పరిశోధకులు ఎలుకల్లో చూశారండి. ఆ బ్యాక్టీరియాని ఊరికే చంపేస్తే ఈ పసిది దేంతో తట్టుకుంటుంది?”

పెద్ద డాక్టరుకి క్షమాపణ చెప్పమని ప్రిన్సిపాల్ ఆవిడని పిలిపించాడు.

“చెప్తానండి. ముందు ఆయన్ని ఆ తల్లికి చెప్పమనండి.”

ఆయన చెప్పలేదు. మేడమ్‌ని బదిలీ చేశారు. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. వెళ్ళేరోజు ఆవిడ వార్డుకొచ్చి, కోలుకుంటున్న పాపకి పెరుగన్నం కలిపి పెట్టి వెళ్ళారు.