ఏడో నంబరు డంపరు గేరుబాక్సు

1994 జూన్‌లో మా లీజింగు కంపెనీ నన్ను భిలాయి బ్రాంచికి సీనియర్ అకౌంటెంటుగా వేసింది. నందిని గనుల కాంట్రాక్టర్లకు డంపర్లు అద్దెకివ్వడం మా వ్యాపారం. షెడ్డూ స్టోరూ భిలాయి-3 అనే పేటలో. స్టోరుకీపరు అప్పలనాయుడు శ్రీకాకుళం మనిషి.

పాతబడిన డంపరును విప్పి విడిభాగాలుగా వాడుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పుస్తకాల్లో దానికి మిగిలిన విలువను పనికొచ్చే భాగాలకు పంచి స్టోరు ఖాతాకు మార్చాలి. ఒక్కో భాగానికి ఒక కార్డు రాయాలి. మిగిలిన ఇనుము తూకానికి పోతుంది. మరుసటి మార్చిలో ఏడో నంబరు డంపరును విప్పారు. సంవత్సరాంతపు హడావుడిలో నేను బండి మొత్తాన్నీ తుక్కు కింద ఒకే పద్దులో కొట్టేశాను. కార్డులు రాయలేదు.

సెప్టెంబరులో యంత్రాలకు చేసే విశ్వకర్మ పూజకు నాయుడు స్టోరులో ఉంచిన ఏడో నంబరు గేరుబాక్సుకీ బొట్టు పెట్టాడు. విప్పేసిన బండికి కూడానా అన్నాను.

"బండి పోనాది గానీ ఇది పోలేదు కద బాబూ" అన్నాడు.

దాని ముందే నిలబడి బూందీ ప్రసాదం తిన్నాను. కార్డు సంగతి అప్పుడూ తట్టలేదు.

నవంబరులో హెడ్డాఫీసు ఆడిటరు వచ్చాడు. స్టోరులో గేరుబాక్సు ఉంది, కార్డు లేదు. సరుకు తగ్గితే దొంగతనం, పెరిగితే సొంత వ్యాపారం అన్నది ఆయన సూత్రం. నాయుడు బయటి సరుకు మా షెడ్డులో పెట్టి అమ్ముకుంటున్నాడని రాశాడు. మేనేజరు నాయుడిని సస్పెండు చేశాడు. అతని రిటైర్మెంటు ఇంకా మూణ్ణెల్లే ఉంది, ఉద్యోగం ఊడితే గ్రాట్యుటీ కూడా దక్కదు. "యే సాత్ నంబర్ కా హై సాబ్" అని, ఇది ఏడో నంబరు బండిదేనని నాయుడు మొత్తుకుంటే, కాగితం చూపించమన్నారు.

కాగితం నా బీరువాలోనే ఉంది. ఏడో నంబరు కొన్నప్పటి ఇన్వాయిసులో గేరుబాక్సు మీద కొట్టిన నంబరు ఉంటుంది. అది తీస్తే తప్పు నాదని తేలిపోతుంది. నాలుగు రోజులు తీయలేదు. సిగ్గేసింది, అయినా తీయలేదు.

అయిదో రోజు నాయుడే నా టేబులు దగ్గరికొచ్చాడు. నా మీద అతనికి అనుమానమే లేదు.

"బాబూ, తవరు ఆ రోజు దాని ముందలే పెసాదం తిన్నారు కదా. ఆ మాట సాబుతో ఓపాలి సెప్తారేటి?"

బీరువా తెరిచి ఇన్వాయిసు తీసి మేనేజరు ముందు పెట్టాను. నంబరు సరిపోయింది. నాయుడికి ఉద్యోగం తిరిగొచ్చింది. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు పోయింది.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా, బండి విప్పిన రోజే షెడ్డుకు వెళ్లి కార్డులన్నీ నేనే రాసేవాణ్ణి. పద్దు రాసేవాడు మరిచిపోయినదానికి జవాబు చెప్పాల్సి వచ్చేది స్టోరుకీపరేనని ఆ కేసులో తెలిసింది. తెలిశాక కూడా నోరు తెరవడానికి నాకు అయిదు రోజులు పట్టింది.