బావగారి గడ్డలో మనవాళ్లు

ఎనిమిదో తరగతితో బడికి నమస్కారం పెట్టి కొబ్బరికాయల వ్యాపారంలో పడ్డవాడిని. ఆ వ్యాపారం నేర్పిన చదువల్లా అనుమానమే. కాయ నున్నగా ఉందంటే చెవి దగ్గర పెట్టి ఊపాలి. మనిషి తియ్యగా మాట్లాడుతున్నాడంటే రాశి అడుగున చెయ్యి పెట్టాలి.

రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. మా అక్క భర్త, అంటే బావగారు, రెండేళ్లుగా దగ్గుతున్నారు. మధ్యమధ్య నెత్తురు పడేది. కొబ్బరి పీచు దుమ్ము పడక అనుకున్నాం. చివరికి కాకినాడ డాక్టరుగారు గొట్టం వేసి ఊపిరితిత్తిలోంచి చిన్న ముక్క తీశారు. "చెడ్డ క్యాన్సరండి. ఆపరేషన్‌కి లొంగదు. నెలలే" అన్నారు. నాకు ఏడుపు కంటే ముందు అనుమానం వచ్చింది. అంత చెడ్డ జబ్బు రెండేళ్లు ఓపిక పడుతుందా? ఆ మనిషి మొన్ననే ఉప్పలగుప్తం దాకా సైకిల్ తొక్కి, వచ్చి చేపల పులుసుతో రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. ఎవరి ముక్కో మారిపోయిందని తేల్చేశాను.

బావగారికి చెప్పొద్దంది అక్క. కానీ చుట్టాలు యాపిల్ పళ్లతో రావడం మొదలుపెట్టగానే ఆయనకు అర్థమైపోయింది.

ముక్క అంటించిన గాజు పలకలూ, మిగిలిన ముక్క దాచిన మైనపు బిళ్లా కాకినాడ ఆసుపత్రిలో అడిగి తీసుకుని హైదరాబాద్ బయల్దేరాను. అక్కడా మార్చేస్తే? పదిమంది రైతుల కాయలు ఒకే లారీలో వేసేటప్పుడు ఎవరి కాయల మీద వాళ్ల రంగు గుర్తు వేస్తాం. రావులపాలెంలో బస్సెక్కే ముందు ఎర్ర రంగు తీసి పలకల మీద మా గుర్తు వేశాను. సరిగ్గా ముక్క మీద.

హైదరాబాద్ ఆసుపత్రిలో డాక్టరమ్మగారు పలకను వెలుతురులోకి ఎత్తి చూశారు. "ఇదేమిటి?"

"మా కాయల గుర్తండి. మారిపోకుండా."

"జబ్బు కనపడకుండా కూడా."

మైనపు బిళ్ల ఉంది కాబట్టి బతికిపోయాం. దాన్నుంచి కొత్త పొరలు కోయించి చూస్తాను, వారం ఆగి రమ్మన్నారు. నా రంగు పుణ్యమే ఇదంతా అని తర్వాత ఊరంతా చెప్పుకున్నాను గానీ, ఆవిడ ఎలాగూ కోయించేవారేనట.

వారం తర్వాత ఆవిడే కూర్చోబెట్టి చెప్పారు. "ఇది అరుదైన గడ్డండి. మెల్లగా పెరిగే రకం. కోసి తీసేయచ్చు. కాకినాడలో గొట్టంతో తీసేటప్పుడు ముక్క నలిగింది. అందులో గుంపులుగా ఉన్న చిన్న నల్లటి కణాలను చూసి వాళ్లు చెడ్డ క్యాన్సర్ అనుకున్నారు. అవి మీ బావగారి సొంత తెల్లకణాలు. జబ్బుతో పోరాడేవి."

నా అనుమానం ఊరుకుంటుందా? "మనవాళ్లే అయితే లోపల కూచుని ఏం చేస్తన్నారండి? కొట్టాలి గదా? అటేపు కలిసిపోలేదు కదండీ?"

ఆవిడ నవ్వలేదు. "కొట్టడానికి వచ్చి అలిసిపోయాయో, గడ్డే వాటిని ఊరుకోబెట్టిందో, ఇలాంటి గడ్డల్లో మాకింకా సరిగ్గా తెలీదండి."

ఆ 'తెలీదు' దగ్గరే నాకు నమ్మకం కుదిరింది. అన్నీ తెలుసన్నవాడి దగ్గర నేనెప్పుడూ కాయ కొనలేదు.

ఇంటికొచ్చి రిపోర్టు చేతిలో పెడితే బావగారు దాన్ని చూడలేదు, నన్ను చూశారు.

"ఎక్కడ రాయించేవురా ఈ కాగితం?"

"నిజమేనండి బావగారూ."

"నన్ను నవ్వించడానికి ఎన్ని కథలు చెప్పలేదు నువ్వు! పోయేవాణ్ని పోనివ్వక, బల్లమీద పడుకోబెట్టి కోయిస్తావా? నేను రాను."

అక్క గుమ్మంలో నిలబడింది. ఆవిడ కళ్లలోనూ అదే అనుమానం. ఒక్క జోకూ నోటికి రాలేదు. ఊపిరితిత్తిలో కొంత పోతుందన్నారని, బల్ల మీద ప్రమాదం లేదని చెప్పలేనన్నారని, తెల్లకణాలు ఎందుకు ఊరుకున్నాయో తెలీదన్నారని ఉన్నదున్నట్టు చెప్పాను.

"డాక్టరమ్మగారికే తెలీదన్నారా?"

"ఆయ్."

ఆయన చాలాసేపు దగ్గి, నీళ్లు తాగారు.

"నువ్వు కల్పించుంటే ఆ తెల్లకణాలు ఈపాటికి గడ్డని గోదాట్లో పారేసి జెండా పాతేసుండేవి కదరా."

తర్వాత అక్క వైపు తిరిగారు. "బట్టలు సర్దు. ఎల్దాం."