నీడలో కూర్చున్న మనిషి నీడ

మా ఇల్లు కట్టిన మేస్త్రిని అందరూ అనుమానం మేస్త్రి అనేవారు. ఇసుకను పంటి కింద వేసి చూస్తే గాని నమ్మేవాడు కాదు. అతను కళ్లు చిట్లించి చూశాడంటే వంకర గోడ బెదిరిపోయి తనంతట తానే నిటారుగా నిలబడేది. నేను కళ్లారా చూశాను, నమ్మకపోతే మీ ఖర్మ.

కిటికీ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఖాళీ స్థలంలో కుర్చీ వేసుకుని పొద్దుగూకే దాకా కూర్చునేవాడు. ఎండ జరిగిన కొద్దీ సుద్దముక్కతో గీతలు గీసేవాడు. తడివేలు పైకెత్తి గాలి ఎటునుంచి వస్తోందో చూసుకునేవాడు. "నేను కట్టిన ఇంట్లో ఏసీ పెట్టిన రోజున తాపీ కింద పెట్టేస్తా" అని ఊరంతా చాటాడు కూడా.

ముప్ఫై ఏళ్లు ఆ మాట నిలిచింది. ఈ వేసవిలో మాత్రం మా ముందు గది కుంపటైంది. మా ఆవిడ అతన్ని పిలిపించింది.

"అన్నయ్యా, నీ గోడ మోసం చేసింది. ఎల్లుండి ఆ పైనున్న గాలి కంతలు పూడ్పించి ఏసీ పెట్టిస్తున్నా. ఇటుకలు కూడా దింపించా."

మేస్త్రి ముఖం సున్నం కొట్టినట్టయింది. మరుక్షణం అనుమానం నా మీదికి మళ్లింది.

"బావా, నిజం చెప్పు. కంతల్లో ఏం కుక్కావు?"

"నేనా? ఏమీ లేదయ్యా."

"నువ్వు ఏమీ లేదంటేనే నాకు భయం."

నిచ్చెనెక్కి చూశాడు. ఒక పిచ్చుక కనిపించింది. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఇద్దరిలోనూ తప్పు దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే మా అరుగు మీద కుర్చీ వేశాడు. మాది తూర్పు ముఖం ఇల్లు. మధ్యాహ్నం దాటితే అరుగంతా నీడే. నాలుగింటికి దిగ్గున లేచాడు.

"చెల్లెమ్మా, సూర్యుడెక్కడున్నాడు?"

"ఇంటి వెనకాల."

"మరి నీడలో కూర్చున్న నాకు ఈ గోడ మీద నీడేంటి?"

ముగ్గురం వెనక్కి తిరిగాం. వీధికి అవతల కొత్తగా లేచిన ఆఫీసు, నిలువెల్లా అద్దాలు. మండుటెండలో చలిదేశపు కోటు తొడుక్కున్నట్టుంది. దాని గుండె మీద రెండో సూర్యుడు వెలిగిపోతున్నాడు.

"నా గోడ ఒక్క సూర్యుడికే ఒప్పుకుంది చెల్లెమ్మా" అన్నాడు మేస్త్రి, "ఇద్దరికి కాదు."

కంతలు పూడ్చడానికి దింపిన ఇటుకలతోనే అరుగు ముందు చిల్లుల గోడ లేపాడు. గాలి వచ్చింది, ఎండ ఆగిపోయింది. మా ఆవిడ ఏసీ మాట మళ్లీ ఎత్తలేదు.

తాపీ కడిగి సంచిలో వేసుకుంటూ అతను నా చెవి దగ్గరికొచ్చాడు.

"బావా, ఆ అద్దాలు పెట్టమన్న సలహా నీది కాదు కదా?"

నేను సూర్యుడి వైపు చూశాను. ఏ సూర్యుడన్నది మీకనవసరం.