చాటవ్వ ఇల్లు ఏ తరగతి?

మున్సిపాలిటీలో ఇంజనీరుగా కొత్తగా కొలువులో చేరిన ఆ రోజుల్లో నాకు ఇళ్లు ఇళ్లలా కనబడేవి కాదు, తరగతుల్లా కనబడేవి. మనుషులు పడుకునే చోటు నివాసం, గుమికూడే చోటు సభాస్థలం, సరుకు తయారయ్యే చోటు పరిశ్రమ. భవన నియమాల పుస్తకం చంకలో పెట్టుకుని మెట్‌పల్లి గల్లీల్లో తిరుగుతుంటే, నా అంతటి ఇంజనీరు జిల్లాలోనే లేదనుకునేదాన్ని. (పెళ్లి విందుకు వెళ్లినా ముందు ఆ హాలుకు ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టేదాన్ని. ఈలోగా పప్పు చల్లారిపోయేది.)

ఆ గర్వంతోనే ఒకరోజు చాటవ్వ కొత్త ఇంటి తనిఖీకి వెళ్లాను. పొద్దస్తమానం ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తుందని వాడకట్టు పెట్టిన పేరది. మొగుడు పోయినా ఆ బీడీలతోనే సంసారం ఈది, రెండు గదులూ ముందొక వసారా వేసుకుంది. నేను 'నివాసం' అని రాసి సంతకం పెడితే ఇంటికి నంబరు, కరెంటు మీటరు వస్తాయి. లేదంటే ఆమె మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

వసారాలో ఎనిమిది మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని బీడీలు చుడుతున్నారు. మూలన తునికాకు కట్టలు, తంబాకు సంచి. నా కళ్లు మెరిశాయి.

"ఇది ఇల్లు కాదవ్వా. పుస్తకం ప్రకారం కార్ఖానా కిందికొస్తది" అన్నాను.

చాటవ్వ చెయ్యి ఆగలేదు. "కార్ఖానా బస్టాండు అవతలున్నది మేడం. చుట్టిన బీడీ కట్టలు ఆడ ఇచ్చొస్తం. ఇది నా ఇల్లు. వీళ్ల ఇండ్లల్ల ఎలుగు లేక ఈడ కూసుంటరు, ముచ్చట పెట్టుకుంటరు."

"ఇంతమంది కూర్చుని ముచ్చట పెడితే సభాస్థలం అయితది."

"మరి బతుకమ్మ ఆడితే ఏమైతది?" అని ఒకామె అడిగింది. అందరూ నవ్వారు. జవాబు కోసం పేజీలు తిప్పాను, దొరకలేదు. కాళ్లు గుంజుతుంటే అవ్వ చూపిన పీట మీద కూర్చున్నాను.

అక్కడే దొరికిపోయాను. ఏదో ఆలోచనలో పక్క చాటలోంచి ఒక ఆకు తీసి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి దారం కట్టాను. తలెత్తేసరికి అన్ని చేతులూ ఆగి ఉన్నాయి.

"గీ చేతులు ఆఫీసుల నేర్సినయి కావు" అంది చాటవ్వ. "మీ అవ్వ బీడీలు చేస్తదా బిడ్డా?" (మేడం పోయి బిడ్డనయ్యాను.)

"చేస్తది. ఇంట్లనే."

"మరి నువ్వు కార్ఖానల పుట్టినవా?"

మా ఇంటి ముందు గదిలో మా అమ్మ చుట్టిన బీడీలే నా ఫీజులు, నా చదువు, చంకలోని ఆ పుస్తకం కూడా. ఆ గదిని ఎవరైనా పరిశ్రమ అని రాసి ఉంటే వాళ్ల పెన్ను విరగ్గొట్టేదాన్ని. సిగ్గుపడుతూ ఇంకో పేజీ తిప్పితే అక్కడుంది: ఒకే కప్పు కింద రెండు మూడు పనులు జరిగితే ప్రధానమైన వాడుకను బట్టే తరగతి. లోపల పొయ్యి చూశాను, దండెం మీద చీరలు చూశాను. 'నివాసం' అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాను. (నియమం మొదటినుంచీ చాటవ్వ పక్షానే ఉంది. నేనే అంతదాకా చదవలేదు.)

చాటవ్వ ఆ కాగితం కళ్లకద్దుకుంది. తర్వాత నా బీడీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలోనే పెట్టింది. "మూతి సక్కగ మడవలే బిడ్డా. కార్ఖానల తీసుకోరు."

ఆ బీడీ ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. కొత్తగా చేరిన పిల్లలెవరైనా పుస్తకం పట్టుకుని మరీ బిగుసుకుంటే తీసి చూపిస్తాను. బీడీలు చుట్టే అమ్మ కూతురు చేసిందే, అయినా చాటవ్వ తనిఖీలో తప్పింది అని చెబుతాను.