టీవీ లేని హోటల్

అది 2011. దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు పక్కన, చీరల దుకాణం మీద మూడో అంతస్తులో మా ఆఫీసు. ఏ ప్లంబరు దగ్గర్లో ఉన్నాడు, ఏ దవాఖానలో పళ్ల డాక్టరు సాయంత్రం కూర్చుంటాడు, ఏ హోటల్లో భోజనం బాగుంటుంది, ఇలాంటివి ఫోన్ చేసి అడిగితే చెప్పే సమాచార సేవ మాది. స్మార్ట్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని రోజులు. హెడ్‌సెట్లు తగిలించుకుని వరసగా కూర్చునేవాళ్లం. మలక్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా హోటళ్ల గురించి వచ్చే కాల్స్ ఎక్కువగా నాకే ఇచ్చేవారు.

మా పనికి ఒక స్క్రిప్ట్ ఉండేది. అంటే మేం పలకాల్సిన మాటలన్నీ ముందే రాసిపెట్టిన కాగితం. ఎవరైనా హోటల్ అడిగితే కంప్యూటర్లో కనిపించే లిస్టింగ్, అంటే మా దగ్గర నమోదైన హోటళ్ల జాబితా, అందులోంచి మూడు పేర్లు, మూడు నంబర్లు చదవాలి. ఏది మంచిదో చెప్పకూడదు. సొంత అభిప్రాయం చెప్తే క్వాలిటీ వాళ్లు పట్టుకుంటారు. మేం మాట్లాడిన కాల్స్ విని మార్కులు వేసే విభాగం అది.

నాకేమో తిండి మీద మహా ప్రేమ. మా ఆయన హయత్‌నగర్ బస్సు డిపోలో మెకానిక్. నా వీక్లీ ఆఫ్ రోజున ఇద్దరం ఏదో ఒక కొత్త హోటల్‌కి వెళ్లేవాళ్లం. మధ్యాహ్నం మూడింటికి వెళ్లినా సాంబారు పొగలు కక్కుతోందా, చెయ్యి కడుక్కునే చోట సబ్బు ఉందా, వడ్డించే మనిషి మనం పిలవకముందే ఇటు చూస్తాడా, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. స్క్రిప్ట్‌లో దానికి చోటే లేదు కదా.

తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీద ఉంది. బంద్ రోజుల్లో "ఇవ్వాళ ఏ హోటల్ తెరిచి ఉంది?" అన్న ప్రశ్న తప్ప ఇంకో ప్రశ్న వచ్చేది కాదు. కింద రోడ్డు మీద ర్యాలీ వెళ్తుంటే డప్పుల మోత మా హెడ్‌సెట్లలోంచి అవతలివాళ్లకీ వినపడేది. ఆఫీసులో సగం మంది నాలాగా నల్లగొండ జిల్లా వాళ్లు, సగం మంది కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. మధ్యాహ్నం బాక్సులు కలిపే తినేవాళ్లం. వార్తల సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లం కాదు.

ఒక మంగళవారం పొద్దున ఒకాయన ఫోన్ చేశాడు. పేరు యాదగిరి, ఎల్బీ నగర్‌లో టైర్ల దుకాణమట.

"అమ్మా, మంచి హోటల్ చెప్పున్రి. ఎనిమిది మందిమి కూసోని తినాలె."

నేను స్క్రిప్ట్ ప్రకారం మూడు పేర్లు చదివాను. ఆయన ఓపికగా విన్నాడు.

"గీ మూడిట్ల టీవీ లేనిది ఏది?"

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. "టీవీ ఉన్నదా అండీ?"

"ఉన్నది కాదమ్మా, లేనిది. టీవీ లేని హోటల్ కావాలె."

నా ఉద్యోగంలో ఏసీ ఉన్న హోటల్ అడిగినవాళ్లున్నారు, పార్కింగ్ ఉన్నది అడిగినవాళ్లున్నారు. ఈ కోరిక మాత్రం అదే మొదటిసారి. ఎందుకని అడిగాను. ఇక చెప్పుకుపోయాడు.

ఆయన కూతురు మాధవి దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తుంది. అక్కడే పనిచేసే కిరణ్ అనే అబ్బాయి, ఆమె ఒకరినొకరు ఇష్టపడ్డారు. కిరణ్ వాళ్లది గుంటూరు వైపు. తండ్రి సుబ్బారావు గారు కాలువల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. పోయిన ఆదివారం అబ్బాయి తల్లిదండ్రులు యాదగిరి ఇంటికి వచ్చారు. చాయ్ ఇచ్చే వేళకి టీవీలో కృష్ణా నీళ్ల మీద చర్చ మొదలైంది.

"గాయన ఒక మాటన్నడు. నేనొక మాటన్న. ఎవలకు ఎన్ని నీళ్లని లెక్కలు దీసినం. చాయ్ సల్లారిపోయింది. సంబంధం మాట ఎవలూ ఎత్తలే. నా బిడ్డె మూడు రోజుల సంది సరిగ తింటలేదమ్మా."

మళ్లీ ఆయనే అన్నాడు: "మల్లొక్కసారి కలుస్తమన్నరు. మా ఇల్లు కాదు, ఆళ్ల ఇల్లు కాదు, బయట. గిది కూడ చెడిపోతే ఇగ అయిపోయినట్టే. నువ్వయితే ఏడికి పోతవు, బిడ్డా?"

ఆ ఒక్క మాటకి నా స్క్రిప్ట్ ఎగిరిపోయింది. "ఒక్క రెండు రోజులు టైమియ్యి, పెదనాయనా. నేను చూసి చెప్త" అనేశాను. హెడ్‌సెట్లో నా ఇంటి భాష మాట్లాడటం అదే మొదలు.

మర్నాడే పిలుపొచ్చింది. మా సూపర్‌వైజర్ ప్రసాద్ గారిది తెనాలి. రూల్ అంటే రూలే అనే మనిషి. నా కాల్ రికార్డింగ్ పెట్టి మొత్తం వినిపించాడు. ఉద్యోగం ఊడినట్టే అనుకుని నేలచూపులు చూస్తూ నిలబడ్డాను.

"శోభా, నువ్వు ముఖ్యమైన సంగతి అడగటం మర్చిపోయావు" అన్నాడాయన.

"ఏంటి సార్?"

"వాళ్లలో శాకాహారులు ఎవరైనా ఉన్నారా అని. మా వైపు ఆడవాళ్లు నడివయసు దాటాక చాలామంది మాంసం మానేస్తారు. అబ్బాయి తల్లి అలాంటావిడైతే, చేపలపులుసులో ముంచిన గరిటె పప్పులో పెట్టారంటే లేచి వెళ్లిపోతుంది. టీవీ లేకపోయినా ఒకటే."

ఫోన్ చేసి కనుక్కున్నాం. నిజమే, అబ్బాయి తల్లి మాంసం ముట్టదు. యాదగిరి తల్లి లచ్చమ్మకేమో వియ్యాలవారి ముందు యాటకూర, అంటే మటన్, లేకపోతే తలవంపులు. పైగా ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. ఇప్పుడు మాకు కావాల్సిన హోటల్‌కి నాలుగు లక్షణాలుండాలి. కింది అంతస్తు, శాకాహారానికి వేరే వంటగది, మంచి మటన్, టీవీ శూన్యం.

గురువారం డ్యూటీ అయ్యాక ప్రసాద్ గారు, నేను, మా ఆయన ముగ్గురం బయల్దేరాం. చైతన్యపురిలో మొదటి హోటల్లో రుచి బ్రహ్మాండం, కాని నాలుగు గోడలకీ నాలుగు టీవీలు. సరూర్‌నగర్ వైపు రెండోదాంట్లో టీవీ లేదు, మటన్ ముక్క మాత్రం మా ఆయన డిపోలోని టైరు రబ్బరులా సాగింది. కొత్తపేటలో మూడోది చిన్న హోటల్. ముందు హాల్లో టీవీ ఉంది. వెనక మాత్రం తలుపున్న ఒక ఫ్యామిలీ గది, అందులో గోడకు గడియారం తప్ప ఏమీ లేదు. శాకాహారం వండే చోటు వేరుగా ఉంది. ప్రసాద్ గారు పప్పూ పెరుగూ రుచి చూశాడు, నేను మటన్ చూశాను.

"పప్పు బాగుంటే హోటల్ బాగున్నట్టే" అన్నాడాయన.

"పప్పు ఎవరైనా వండుతరు సార్. మటన్ చూడాలె" అన్నాన్నేను.

మా ఆయన ఇద్దరి ప్లేట్లూ ఖాళీ చేసి, "రెండూ బాగున్నయి, ఇగ లేవున్రి" అన్నాడు. ఆదివారం మధ్యాహ్నానికి గది మాట్లాడేశాం. యాదగిరికి చెప్తే ఫోన్లోనే దండం పెట్టినంత పనిచేశాడు.

శుక్రవారం సాయంత్రం ఆదివారం బంద్ అని ప్రకటించారు.

యాదగిరి గొంతు నీరుగారిపోయింది. "సుబ్బారావు గారు సోమవారం పొద్దుగాల గుంటూరు పోతున్నడట, నెల దాక రాడట. నాకైతే బంద్ రోజు హోటల్ తెరవమనే నోరు రాదమ్మా. నేనే పొద్దుగాల్ల బంద్‌ల రోడ్డు మీద కూసుంటా." నేను హోటల్ యజమానికి ఫోన్ చేశాను. శనివారం మధ్యాహ్నం చేయగలవా అని బతిమాలాను. తెల్లవారితే బంద్ కాబట్టి శనివారం జనం తోసుకొస్తారు, గది ఇవ్వటం కష్టం అన్నాడు. ప్రసాద్ గారు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "బాబూ, ఒక పెళ్లి నీ చేతుల్లో ఉంది" అని అంతా చెప్పాడు. అంతా విని యజమాని, "ఒంటిగంటకి రమ్మనండి సార్. ముందు హాల్లో టీవీ కూడా ఆపేస్తాను" అన్నాడట.

శనివారం ప్రసాద్ గారు, నేను లంచ్ బ్రేక్ తీసుకుని ఆ హోటల్ ముందు హాల్లో ఒక మూల టేబుల్ దగ్గర కూర్చున్నాం. వెళ్లాల్సిన అవసరం లేదు. ఆగలేకపోయాం, అంతే. హాలు కిటకిటలాడుతోంది. ఎవరో "న్యూస్ పెట్టు భాయ్, రేపు బస్సులున్నయా లేవా చూద్దాం" అని అరిచారు. యజమాని మొహం మార్చకుండా "కేబుల్ పోయింది" అన్నాడు.

వాళ్లు వచ్చారు. యాదగిరి ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి ఉన్నాడు. మాధవి చెయ్యి పట్టుకుని లచ్చమ్మ నెమ్మదిగా నడిచింది. సుబ్బారావు గారు పొడుగ్గా, గంభీరంగా, చంకలో మడిచిన పేపరుతో వచ్చాడు. ఆ పేపరు నిండా బంద్ వార్తలే ఉంటాయి. యజమాని ఎదురెళ్లి, "లోపల చోటు తక్కువ సార్, ఇటివ్వండి, భద్రంగా పెడతాను" అని దాన్ని తీసేసుకున్నాడు. గది తలుపు మూసుకుంది.

పది నిమిషాలు గడిచాయి. వడ్డించే మనిషి బయటికి వచ్చినప్పుడు సైగ చేసి అడిగాను. "ఎవరూ మాట్లాడట్లేదు మేడం. గిన్నెల చప్పుడే" అన్నాడు.

అప్పుడు లోపలి నుంచి గొంతులు లేచాయి.

"కాదండీ! కానే కాదు!"

"గట్లెట్ల అయితది? మీకెవలు చెప్పిన్రు?"

"నేను కళ్లారా చూశానండీ!"

"నేను చేతులార చేసిన!"

ముందు హాల్లో అందరూ అటు తిరిగారు. నాకు కాళ్లు ఆగలేదు. ఏం చేద్దామనో తెలియకుండానే లేచి వెళ్లి తలుపు తీశాను.

సుబ్బారావు గారు నిలబడి ఉన్నాడు. చేతిలో పచ్చడి గిన్నె. ఆయనకెదురుగా లచ్చమ్మ వేలు చూపిస్తోంది.

"గోంగూరలో పండుమిరపకాయ పడాలండీ. ఉల్లిపాయ పక్కన నంజుకోవాలి!"

"మేం పుంటికూర అంటం. పచ్చిమిరపకాయ ఏసి, నువ్వులు నూరి కలపాలె. గిదేం పచ్చడి? నోరు పొక్కుతాంది!"

మాధవి, కిరణ్ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకోలేక తలలు వంచేశారు. అబ్బాయి తల్లి నెత్తి కొట్టుకుంటోంది. "ఇరవై ఏళ్లు కాలవ క్యాంపుల్లో సొంతంగా వండుకున్నారండీ ఈయన. వంట మాట వస్తే ఇక ఎవరి మాటా వినరు" అని యాదగిరితో చెప్తోంది.

"ఏ క్యాంపుల?" అంది లచ్చమ్మ.

"మిర్యాలగూడ దగ్గర. అక్కడో పెద్దావిడ నాకు జొన్నరొట్టె, మీరు చెప్పినట్టే నువ్వులు వేసిన గోంగూర పెట్టేది. నేను ఆవిడతోనూ ఇలాగే పోట్లాడాను."

"మిర్యాలగూడల ఏ ఊరు?"

ఆయన ఊరి పేరు చెప్పాడు. లచ్చమ్మ రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. "మా తల్లిగారూరు దాని పక్కూరే కదా, అయ్యా! గా కాల్వ తవ్వినప్పుడు మట్టి మోసిన చేతులివి!"

సుబ్బారావు గారు గిన్నె కింద పెట్టి కూర్చున్నాడు. తన కుర్చీ కొంచెం ఆమె వైపు జరుపుకున్నాడు. అప్పుడు ఆయన చూపు తలుపు దగ్గర నిలబడ్డ నా మీద పడింది. "ఎవరమ్మా నువ్వు?"

యాదగిరి నన్ను ఎప్పుడూ చూడలేదు కదా, నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. "ఫోన్ల హోటల్ చెప్పిన శోభను, పెదనాయనా." యాదగిరి గబగబా లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. సుబ్బారావు గారు మాత్రం, "ఊళ్లో హోటళ్లన్నీ తెలిసిన అమ్మాయివైతే నువ్వే తేల్చు. పండుమిరపా, నువ్వులా?" అన్నాడు.

"రెండు రకాలూ చేయించండి సార్. తిని చెప్తాను" అన్నాను.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది, నా వెనక నిలబడ్డ ప్రసాద్ గారు.

పెళ్లిలో నిజంగానే ఆకులో ఆ పక్క గోంగూర, ఈ పక్క పుంటికూర వడ్డించారు. నీళ్ల సంగతిలో వియ్యంకులిద్దరిలో ఎవరూ తమ మాట మార్చుకోలేదు. పెళ్లిపందిట్లోనూ కాసేపు వాదించుకున్నారు. కాకపోతే వాదించుకుంటూనే ఒకరి ఆకులోకి ఒకరు కూర వేయించారు.

ప్రసాద్ గారు నా కాల్ మీద మార్కులు తగ్గించకుండా, శిక్షణలో వినిపించదగిన కాల్ అని రాశాడు. పైగా స్క్రిప్ట్‌లో ఒక వాక్యం చేర్పించాడు. హోటల్ అడిగినవాళ్లను మొదట "ఏం తింటారు?" అని కాదు, "ఎవరెవరు వస్తున్నారు?" అని అడగాలి. నాకు ఆ కాల్ నేర్పింది కూడా అదే. అంతకుముందు నా నోటుబుక్కులో హోటళ్లే ఉండేవి. తినేవాళ్లు లేరు. ఊళ్లో అన్నిటికన్నా మంచి హోటల్ ఏదని ఎవరైనా అడిగితే, నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఎవరికి అని తెలిస్తే చెప్పగలను.

ఆ కొత్త వాక్యం వచ్చిన వారానికే ఒకాయన ఫోన్ చేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో మంచి బిర్యానీ ఎక్కడ అని అడిగాడు.

"ఎవరెవరు వస్తున్నారండీ?"

"నేనొక్కణ్నే మేడం. ఇప్పుడే జాబొచ్చిందని తెలిసింది. హాస్టల్ల అందరూ ఊర్లకు పోయిన్రు. ఎవలకు చెప్పాల్నో సమజైత లేదు."

"నాకు చెప్పినవు కదా" అన్నాను. తర్వాత, ఒంటరిగా కూర్చున్న మనిషిని లేవమని తొందరపెట్టని హోటల్ ఒకటుంటే దాని పేరు చెప్పాను. కిటికీ పక్కన కూర్చోమన్నాను. చివర్లో డబుల్ కా మీఠా తినకుండా లేవొద్దని కూడా చెప్పాను.