రాలిన మొగ్గల ఎర్రదారాలు

ఇరవై ఏళ్లు దాటింది. దీన్ని లోపల పెట్టుకునే వంటలు చేశాను, మనవరాళ్లకు జడలు వేశాను, దేవుడికి దీపం పెట్టాను. మా ఇంట్లో పిల్లలు చిన్న అబద్ధం ఆడినా నేను ఊరుకోను, అన్నం దగ్గర కూడా నిలదీస్తాను. అలాంటిదాన్ని నేనే ఒక అబద్ధాన్ని కొంగున ముడేసుకుని ఇన్నేళ్లు తిరిగాను. నా పేరు నీకు తెలియదు, నీ పేరు నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను. నాలుగో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇది. రాత వంకరగా ఉంటే సర్దుకో.

అప్పుడు మేం అల్వాల్‌లో ఉండేవాళ్లం. చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లవుతున్న రోజులు. ఎవరి నోట విన్నా కంప్యూటర్ మాటే. అమ్మకుండా మిగిలిన ఒక చేనులో ఒక విత్తనాల కంపెనీ పత్తి పెంచేది. అక్కడి సారు శ్రీకాకుళం వైపు మనిషి. పోగు పొడుగ్గా, తెగకుండా ఉండే పత్తి కావాలని, ఏటేటా మంచి చెట్లను ఏరుకుంటూ ఒక రకాన్ని తయారు చేస్తున్నారు. నేనూ, నాకంటే పదేళ్లు చిన్నదైన యాదమ్మా ఆయన దగ్గర కూలికి పోయేవాళ్లం.

మా పని చెబుతాను, లేకపోతే నా తప్పు నీకు అర్థం కాదు. పత్తి పువ్వు పొద్దున్నే విచ్చుకుంటుంది. విచ్చుకుంటే తేనెటీగ పక్క చెట్టు పుప్పొడి తెచ్చి దులుపుతుంది, గింజలో వేరే రకం కలుస్తుంది. అలా కాకుండా, రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ సాయంత్రమే పట్టుకుని మూతికి ఎర్రదారం చుట్టి, దాని కొసను తొడిమకు కట్టాలి. ఇక ఆ పువ్వు నోరు తెరవదు. తన పుప్పొడి తనకే. రేకులు రాలిపోయినా తొడిమ మీద దారం ఉంటుంది. పత్తి తీసేటప్పుడు ఎర్రదారం ఉన్న కాయలు విడిగా ఒక సంచిలో వేస్తాం. మరుసటి ఏడు విత్తేది ఆ గింజలే.

కట్టిన మొగ్గలు కొన్ని నిలవవు. దారంతో సహా రాలిపోతాయి. నేల మీద ఎర్రదారాలు మట్టిలో పడి ఉంటే నేను చూడలేకపోయేదాన్ని. అరిగిన సబ్బును కొత్త సబ్బుకు అతికించి వాడే మనిషిని. వంగి ఏరి, ముళ్లు విప్పి, కొంగులో వేసుకునేదాన్ని. యాదమ్మకు నన్ను చూస్తే నవ్వు.

“అక్కా, నువ్వు చీమ నోట్ల చక్కెర సుత గుంజుకునేటట్టున్నవ్” అనేది.

“చీమకెందుకే గంత చక్కెర” అనేదాన్ని.

ఆ ఏరిన దారాలను పక్కనే ఉన్న కాయల తొడిమలకు కట్టాను. అప్పటికే విచ్చుకుని, వాడి, పిందె పడినవాటికి. రాలినదాని బదులు ఇంకొకటి అనుకున్నాను. దారం దండగ కాలేదు, కాయలు తక్కువ కాలేదు.

తెలియక చేశానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. నిజమేనా? మొదటి వారం నిజం. ఆ తర్వాత ఒకరోజు సారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, విచ్చుకున్న పువ్వుకు ఆ తర్వాత దారం కట్టినా లాభం లేదని, అలాంటి కాయ కలిస్తే విత్తనమంతా పాడవుతుందని నిదానంగా చెప్పారు. ఆ సాయంత్రమే విప్పేయాలనుకున్నాను, కానీ ఏది మొగ్గప్పుడు కట్టిందో, ఏది కాయకు కట్టిందో నాకే గుర్తు లేదు, అన్నీ విప్పితే ఎందుకని అడుగుతారు, అడిగితే యాదమ్మకు పని నేర్పిన నేను ఏమని చెప్పను? ఊరుకున్నాను. కొత్తగా కట్టడం మాత్రం మానేసి, అంతటితో అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. మరుసటి ఏడు ఆ గింజలే విత్తారు. పత్తి పగిలింది. సారు గింజ మీది పోగును పాపిట తీసినట్టు రెండు పక్కలకూ చిన్న దువ్వెనతో దువ్వి, స్కేలు పెట్టి చూసేవారు. ఒక చెట్టు గింజకు సీతాకోకచిలుక రెక్కల్లా పొడుగ్గా పరుచుకుంది. దాని పక్క చెట్టు గింజకు పొట్టి మీసాలు.

ఇంకొకటి కూడా ఉంది. దాన్ని దాస్తే ఇదంతా రాయడం దండగ. చేను పక్కన సారు గదిలో పోగు దువ్వే అమ్మాయి కంప్యూటర్ నేర్చుకుంటానని మానేసింది. ఆ పనికి మా ఇద్దరిలో ఒకరిని తీసుకుంటామన్నారు. ఫ్యాను కింద, ఏడాది పొడవునా పని. యాదమ్మ వేళ్లు తేలికైనవని సారు అప్పటికే రెండుసార్లు అన్నారు. నేను విన్నాను.

ఆ రెండు గింజలు అరచేతిలో పెట్టుకుని ఆయన నన్ను పిలిచారు.

“ఇదేటమ్మా, ఇలగైపోనాది? నిరుడు ఈ గింజలకి దారాలెవరు కట్టినారు?”

“యాదమ్మ సుత కట్టింది సారూ.”

“నువ్వు పక్కనే ఉన్నావు కదా. చూసుకోనేదా?”

“ఆమెది జెర నవ్వులాటెక్కువ. నేను చెప్పిన సారూ. ఇనలే.”

ఈ మాటలను ఎన్నిసార్లు విడదీసి చూసుకున్నానో. యాదమ్మ కూడా కట్టింది, నిజం. నవ్వులాట ఎక్కువ, నిజం. చెప్పాను, వినలేదు అన్నది పచ్చి అబద్ధం. ముందు రెండు నిజాలు లేకపోతే ఆ అబద్ధం నా నోట్లోంచి వచ్చేదా? వచ్చేదేమో. ఆయన నన్ను ఇంకో ప్రశ్న అడగలేదు. నా మాట మీద అంత నమ్మకం.

యాదమ్మను రేపటి నుంచి రావద్దన్నారు. సద్ది డబ్బా తీసుకుని, గట్టు దాటి వెళ్లిపోయింది. నేను దారాలు ఏరడం చూసింది తనొక్కతే. ఆ ఒక్క మాట సారుకు చెప్పలేదు. నేను దారాలు ఏరడం, గింజ పాడవడం రెండూ కలిపి చూసుకోలేకపోయిందా? తెలిసే నన్ను వదిలేసిందా? నాకిప్పటికీ తెలియదు.

గదిలో పని నాకొచ్చింది. నాలుగేళ్లు దువ్వాను. సారు ఆ గింజలన్నీ పారబోసి, డబ్బాల్లో దాచిన పాత గింజలతో మొదటి నుంచి మళ్లీ షురూ చేశారు. అది పూర్తి కాకముందే ఆ చేనూ అమ్ముడుపోయింది. ఆయన అనుకున్న పత్తి రాలేదు. పెట్టెలు సర్దుకుని నాకు దండం పెట్టి వెళ్లారు.

పోయిన నెల రెజిమెంటల్ బజార్‌లో యాదమ్మ కనబడింది. జుట్టు నెరిసింది. సైనిక్‌పురిలో రెండిళ్లలో అంట్లు తోముతోందట. నా చెయ్యి పట్టుకుని, పక్కనున్న కోడలితో, “ఈ అక్కనే నాకు చేన్ల పని నేర్పింది” అంది. ఎగతాళి లేదు ఆ గొంతులో. ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండుననిపించింది. నేను చిక్కుడుకాయల ధర గురించి మాట్లాడి వచ్చేశాను.

ఆమె ఇంటికి వెళ్లి చెబుతానా? చెబుతానని ఇక్కడ రాస్తే ఇంకో అబద్ధమవుతుందేమోనని భయం. క్షమించమని నిన్ను అడగను. అది నీ చేతిలోది కాదు. ఒక్క వాక్యం నా చేత్తో రాసి, కళ్లతో చూసుకోవాలనే ఇంత దూరం వచ్చాను.

యాదమ్మ ఏ తప్పూ చేయలేదు, చేసింది నేను.

రాసేశాను. కొట్టేయను.